మంజూరైందా, మొదలైందా, ఒడిసిందా

బడ్జెట్ నమ్మి ఇల్లు కొన్నవాడు ఈ నగరంలో నేనొక్కణ్ణే అయివుంటాను. ఇల్లు కొనేముందు పేపర్లు జాగ్రత్తగా చూసుకోవాలని అందరూ చెబుతారు. నేనూ చూసుకున్నాను. కాకపోతే న్యూస్ పేపరు చూసుకున్నాను. బడ్జెట్ మర్నాడు ఏ ప్రాంతానికి ఏమేమి వచ్చాయో వేసిన పట్టికలో, రోడ్లూ ఫ్లైఓవర్లూ అయిపోయాక, అట్టడుగున, సీతాఫల్‌మండి వైపు నుంచి పట్టాలు దాటి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి దిగే కాలినడక వంతెన ఒకటి కనబడింది. అది చూసి పట్టాలకు ఇవతల మూడో అంతస్తులో ఫ్లాట్ కొన్నాను. నేను ఆ క్యాంపస్‌లో తెలుగు చెబుతాను, మా ఆవిడ అక్కడే లైబ్రరీలో పనిచేస్తుంది. బాల్కనీలో నిలబడితే మా డిపార్ట్‌మెంటు ముందున్న చెట్లు కనబడతాయి. వంతెన వస్తే కాఫీ వేడి నాలుక మీద ఉండగానే క్లాసులో ఉండొచ్చు. రాకపోతే మెట్టుగూడ మీదుగా తార్నాక చుట్టుకుని, సిగ్నళ్ల దగ్గర తపస్సు చేసి వెళ్లాలి. రాకపోవడమనే ఊహ అప్పట్లో నాకు రాలేదు.

గృహప్రవేశం లడ్డూల డబ్బా పట్టుకుని తార్నాకలో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన మా యూనివర్సిటీలోనే ఎకనామిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ప్రభుత్వాలు డబ్బు ఎక్కడ పెడతామంటాయి, చివరికి ఎక్కడ పెడతాయి అనేది ఆయన చదువు. నాకు పొద్దుటి నడకలో పరిచయం. చేతిలో లడ్డూ పట్టుకుని, కొరక్కుండా, నా వంతెన సంగతంతా ఓపిగ్గా విన్నారు.

"మంజూరైందా, మొదలైందా, ఒడిసిందా?" అన్నారు.

మంజూరైందన్నాను.

"అయితే లడ్డు గూడ మంజూరైనట్టే" అని దాన్ని తీసి మళ్లీ డబ్బాలో పెట్టారు. మీరు వంతెన ఎక్కొచ్చిన నాడు తింటానన్నారు.

ఆ మూడు మాటలూ ఆయన ఊతపదం. ఒడిసిందంటే పని పూర్తయిందని. తన దగ్గర పరిశోధన చేసిన కుర్రాడు పెళ్లి కుదిరిందని చెప్పినా అదే ప్రశ్న, పక్కింటావిడ మోకాలి ఆపరేషన్ గురించి చెప్పినా అదే ప్రశ్న. తెలుగు పంతుల్ని కాబట్టి ఉండబట్టలేక, మూడోది కూడా 'ముగిసిందా' అంటే వరసగా మూడు మకారాలు పడి బాగుంటుందని సూచించాను. "మీ ప్రాస కోసం ఆగితె పని ఒడువది సార్" అన్నారు.

బడ్జెట్ పుస్తకాలు ఆయన వెనకనుంచి చదివేవారు. ఈ ఏటి కేటాయింపు వైపు చూసేవారు కాదు. దాని పక్కన, ఎవరూ చూడని చోట, పాత సంవత్సరం నిజంగా ఎంత ఖర్చయిందో ఉంటుంది. వేలు అక్కడ పెట్టి, అద్దాలు నుదుటి మీదకి నెట్టి, ఎవరో చుట్టం పెళ్లిలో భోజనం ఎలా ఉందో చెబుతున్నట్టు తల అడ్డంగా ఊపేవారు. మిర్చి బజ్జీ కూడా అలాగే తినేవారు. ముందు విరిచి లోపల మిరపకాయ ఎంత పొడుగుందో చూసేవారు. పైన కనబడే పిండంతా కేటాయింపట, లోపల మిరపకాయ ఖర్చట. తార్నాక చౌరస్తా దగ్గర బజ్జీల బండివాడు ఆయన్ని చూడగానే పొడుగు మిరపకాయలు ఏరేవాడు. ఆ వెనకే నిలబడి నేనూ లాభపడ్డాను.

శిలాఫలకం కనబడితే ఆయన ముందుకి కదలలేరు. దాని ఎదట చేతులు కట్టుకుని నిలబడి, మొదటి పేరు నుంచి కింద కాంట్రాక్టరు పేరు దాకా, పెళ్లిపత్రిక చదివినట్టు బిగ్గరగా రాగం తీసి చదివేవారు. అటూ ఇటూ పోయేవాళ్లు ఆగేవారు. మొత్తం అయ్యాక వాళ్ల వైపు తిరిగి, "అందరొచ్చిన్రు, పెండ్లి పిల్లగాడేడి?" అని అడిగేవారు. రాయి ఉన్నచోట చాలాసార్లు రాయే ఉండేది. రాతి మీద పేరు రాయించుకునేవాళ్లంటే ఆయనకి ఒక రకమైన జాలి. తన పేరు గోడ మీదైనా ఉండొద్దని ఇంటి గేటుకి బోర్డు కూడా పెట్టుకోలేదు. పోస్టు పక్కింటికి వెళ్లేది.

ఆ ఇల్లూ ఆయనది కాదు, కిరాయిది. గృహనిర్మాణం మీద క్లాసులు చెప్పిన మనిషికి సొంతిల్లు లేదని నేనొకసారి ఎత్తిపొడిచాను. "గందుకే నాకు వంతెన పరేషాన్ లేదు" అన్నారు. ఇంటికున్న పాత కిటికీలకు ఏటా తనే రంగు వేసుకునేవారు, ఇంటాయన వద్దన్నా. కట్టేటప్పుడు డబ్బు పెట్టడం అందరికీ ఇష్టమే, రిబ్బను ఉంటుంది కాబట్టి. కట్టినదాన్ని నిలబెట్టే నిర్వహణ పద్దు కింద మాత్రం ఎవరూ పైసా రాయరు అనేది ఆయన ఫిర్యాదు. ఆ ఫిర్యాదు చేస్తూ బ్రష్షు నా చేతికిచ్చేవారు.

వంతెన మొదలు కాలేదని అనలేను. ఒక వేసవిలో క్రేన్లొచ్చాయి, పట్టాల రెండు పక్కలా స్తంభాలు లేచాయి, వాటి మీద ఇనుప వంతెన కూర్చుంది. మేం చప్పట్లు కొట్టాం. తర్వాత క్రేన్లు వెళ్లిపోయాయి. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పట్టాల మీద ఉండే ముక్క రైలు వాళ్లదట, దాన్నెక్కే మెట్లూ దిగే మెట్లూ నగరం వాళ్లవట. రెండు శాఖలు, రెండు పద్దులు, రెండు ముహూర్తాలు. రైలు వాళ్ల డబ్బు ముందొచ్చింది, వాళ్ల ముక్క వాళ్లు కట్టేసి చేతులు దులుపుకున్నారు. ఇటు ఎక్కడానికి మెట్టు లేదు, అటు దిగడానికి మెట్టు లేదు. పక్కనే మెట్టుగూడ ఉండి కూడా మాకు ఒక్క మెట్టు దొరకలేదు. వ్యాకరణంలో చెప్పాలంటే పూర్వపదం మా ఇల్లు, పరపదం క్యాంపస్, మధ్యలో ఆగమం వచ్చి కూర్చుంది, సంధి మాత్రం జరగలేదు. పావురాలకు తప్ప ఎవరికీ ఆ వంతెన అందుబాటులో లేదు.

ఆయనకి పండగొచ్చింది. అప్పట్నుంచి ప్రతి బడ్జెట్ రోజూ మా బాల్కనీలో జరిగేది. ముందుగా చెప్పడం, మేం ఖాళీగా ఉన్నామా అని అడగడం ఉండవు. తనతో పాత స్నేహితుల్నో, ఊరి నుంచి వచ్చిన చుట్టాల్నో, ఎవరో ఒకర్ని వెంటబెట్టుకుని బజ్జీల పొట్లంతో వచ్చేవారు. నా కేన్ కుర్చీని పట్టాల వైపు తిప్పుకుని కూర్చుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గైడు మాదిరి చూపించేవారు. లోపల టీవీలో ప్రసంగం నడుస్తుండేది. రవాణా మాట వినబడగానే, "నడువున్రి, మన వంతెన సార్ ఎక్కుతడు" అనేవారు. ఆ పేరు క్యాంపస్‌కి పాకింది. క్లాసులో కుర్రాళ్లు నన్ను వెనక నుంచి వంతెన సార్ అనడం నా చెవులతో విన్నాను. ఇరవై ఏళ్లు సంధులూ సమాసాలూ చెప్పిన దానికి దక్కిన బిరుదు.

అలాంటి ఒక రోజునే మా ఆవిడ లైబ్రరీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఆయన ఆ చెప్పుల వైపు చూశారు. వాటికి పట్టాల పక్క కంకర నల్లమట్టి అంటుకుని ఉంది. మా కాలనీలో సగం మంది చేసే పనే తనూ చేస్తోంది. ప్రహరీలో గండి ఉంది, అందులోంచి దూరి, అటూ ఇటూ చూసుకుని పట్టాలు దాటితే క్యాంపస్. నాకు తెలుసు. వద్దంటాను, తను సరేనంటుంది, మర్నాడు మళ్లీ చెప్పులకి నల్లమట్టి. ఆయన చేతిలో బజ్జీ కింద పెట్టేశారు. ఆ సాయంత్రం ఇంకెవరికీ వంతెన చూపించలేదు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "బిడ్డా, ఆలస్యమైతే అయితది. జర తిరిగి రా" అన్నారు. నాతో ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటనే మనిషి ఏమీ అనకపోతే ఎంత బరువుగా ఉంటుందో లిఫ్టు లేని మా మూడంతస్తులూ ఆయన వెనక దిగుతుంటే తెలిసింది.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీద తెచ్చుకోవాలో వాకబు చేశాను. అటువైపు మెట్లు దిగాల్సిన చోట ఒక చిన్న బస్తీ ఉందనీ, వాళ్లు కదలడం లేదనీ, వాళ్లు కదలనిదే నగరం వాళ్లు ఇటు మెట్లు కూడా మొదలుపెట్టరనీ మా అపార్ట్‌మెంట్ సంఘంలో చెప్పారు. మర్నాడు పొద్దుటి నడకలో ఆయన దగ్గర ఆ బస్తీ మీద విరుచుకుపడ్డాను. నలుగురి కోసం నాలుగొందల మంది ప్రాణాలు పణం పెట్టాలా అన్నాను. ఆ అంకెలు ఎక్కడివో నాకు తెలియదు. కోపంలో వచ్చేశాయి.

"చాయ్ తాగుదాం పాండ్రి" అన్నారు.

క్యాంపస్ క్వార్టర్ల వెనక నుంచి తీసుకెళ్లారు. ప్రహరీని ఆనుకుని రేకుల ఇళ్ల వరస ఒకటుంది. తలెత్తితే మా వంతెన కొస సరిగ్గా నెత్తి మీద గాల్లో నిలబడి ఉంది. ఒక ఇంటి ముందు ఇస్త్రీ బండి, పక్కన బొగ్గుల గోనె. నా చొక్కాలు ఇస్త్రీ అయ్యేది దాని మీదేనని అప్పుడే తెలిసింది. ఇస్త్రీ చేసే యాదమ్మ క్వార్టర్ల నుంచీ డిపార్ట్‌మెంట్ల నుంచీ బట్టలు మోసుకెళ్తుంది, ఎక్కడికి మోసుకెళ్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"యాదమ్మా, గీ సారు నీ వంటింట్లకు దిగుదమనుకుంటున్నడు" అని పరిచయం చేశారు.

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. మరీ ఇంత పొద్దున్నే చొక్కా కావాలా అనడిగింది. తర్వాత సంగతి అర్థమై నవ్వి, లోపలికి పిలిచి, పొయ్యి చూపించింది. వంతెన గీసినవాళ్లు వచ్చి చివరి మెట్టు ఎక్కడ పడుతుందో నేల మీద సున్నంతో గీత గీసి వెళ్లారట. ఆ గీత పొయ్యికి ఆనుకుని ఉంది. రోజూ అలుకుతుంది కాబట్టి చెరిగిపోవాలి, కానీ గీత పోతే మళ్లీ వేరేచోట గీస్తారేమోనని తనే ముగ్గుతో దాని మీద దిద్దుతోందట. "పోవాల్నంటె పోత సారు. ఏడికి పోవాల్నో చెప్పమను" అంది. ఇల్లు ఇచ్చాకే ఖాళీ చేయిస్తామని అధికారులు మాటిచ్చి పోయారు. మాటిచ్చారు, ఇల్లివ్వలేదు.

తిరిగి వస్తుంటే ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తు. "మీ వంతెన రవాణా పద్దుల లేదు సార్. గృహనిర్మాణం పద్దుల ఉన్నది. ఇన్నేండ్లు తప్పు పేజీ చదువుతున్నరు."

ఆ తర్వాత బడ్జెట్ రోజుల్లో మా బాల్కనీలో రవాణా మాట వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకునేవారు కాదు. పేదల ఇళ్ల మాట వచ్చినప్పుడు ఆయన, నేను, మా ఆవిడ ముగ్గురం టీవీ వైపు మెడలు చాచేవాళ్లం. మా ఎదురు ఫ్లాట్ ఆయన, మీకు ఫ్లాట్ ఉందిగా ఇంకా ఇల్లెందుకండీ అని అనుమానంగా అడిగాడు.

చివరికి ఇళ్లు వచ్చాయి. యాదమ్మకి కాగితం వచ్చింది. చూసొద్దామని ఆయన బయల్దేరదీస్తే యాదమ్మతో కలిసి ముగ్గురం వెళ్లాం. బస్సు దిగి ఇంకో బస్సెక్కి, అది దిగాక ఎండలో చాలాదూరం నడిచాం. ఊరు అయిపోయి, బండరాళ్లు మొదలై, అవీ అయిపోయాక, కొత్త సున్నంతో మెరుస్తున్న పెద్ద పెద్ద బిల్డింగులు నిలబడి ఉన్నాయి. రెండు గదులు, వంటిల్లు, బాత్రూమ్. గోడలు బాగున్నాయి, నీళ్లొస్తున్నాయి. నేను ఉత్సాహంగా ప్రతి కిటికీ తెరిచి గాలి ఎలా వస్తోందో ఆవిడకి చూపించాను. ఫ్లాట్ అమ్మే ఏజెంటు నాకు చూపించినప్పుడు కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదు. ఎక్కడ సంతకం పెట్టాలో కూడా చెప్పాను. నా మనసులో అప్పుడు మెట్లు కడుతున్నారు.

యాదమ్మ వంటింట్లో నిలబడి గట్టు మీద చెయ్యి వేసి చూసింది. "ఇల్లు మంచిగనే ఉన్నది సారు. గీడికెల్లి నేను ఇస్త్రీకి ఎట్ల రావాలె? బట్టలు గాడనే ఉన్నయ్, మడిసిని గీడ పెడితిరి."

నేను ఏదో అనబోయాను. ఆటోలుంటాయనో, ఇక్కడా బట్టలుంటాయనో. ఆయన నా వైపు చూశారు. కోపంగా కాదు, బజ్జీ విరిచినప్పుడు లోపల మిరపకాయ లేకపోతే చూసే చూపు. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, అంత దూరం కనబడే ఖాళీ రోడ్డు చూస్తూ నిలబడ్డారు. మీకేమో మెట్లు లేని వంతెన, ఆవిడకేమో బస్సు లేని ఇల్లు. ఇద్దరికీ ఇచ్చిందీ ఒకటే, ఇవ్వనిదీ ఒకటే అన్నారు. అది నవ్వుతూ అనలేదు.

యాదమ్మ పోనని చెప్పింది. బస్సు వస్తేనే కదులుతానంది. మా అపార్ట్‌మెంట్ సంఘం ఆవిణ్ణి ఒప్పించే బాధ్యత నాకప్పగించింది, పరిచయం ఉందని. నేను ఆ బాధ్యతని సంఘానికే వాపసు చేశాను. మా ఆవిడ ఆరోజు నాకు కాఫీ రెండోసారి ఇచ్చింది, అడక్కుండా.

ఆయన బస్సు కోసం తిరిగారు. ఆఫీసుల్లో పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో కొందరు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్ల గదుల్లోకి వెళ్లి, కూర్చోమంటే కూర్చోకుండా, మూడు ప్రశ్నలూ వరసగా అడిగి వచ్చేసేవారు. మంజూరైందని చెప్పినవాడి దగ్గరికి మళ్లీ వెళ్లేవారు. మొదలైందని చెప్పినవాణ్ణి ఏ బస్టాపులో నిలబడాలో చెప్పమనేవారు. ఎప్పటికో ఆ కొత్త బిల్డింగుల నుంచి దగ్గరి లోకల్ రైలు స్టేషన్‌కి ఒక బస్సు పడింది. అది ఆయన వల్లే వచ్చిందా, ఎన్నికల వల్ల వచ్చిందా, దానంతటది దారి తప్పి వచ్చిందా నాకు తెలియదు. అడిగితే, డ్రైవర్ తెచ్చిండు అన్నారు. యాదమ్మ కదిలింది. ఆ వరసలో అందరూ కదిలారు. ఇస్త్రీ బండిని మాత్రం క్వార్టర్ల దగ్గరే వేపచెట్టు కింద పెట్టుకుంది.

మెట్లు కట్టడం మొదలయ్యేసరికి ఆయన మంచం పట్టారు. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఎన్ని మెట్లొచ్చాయని అడిగేవారు. నేను బాల్కనీలోంచి చూసి వెళ్లి చెప్పేవాణ్ణి. ఒకరోజు ఆయన బాగా నీరసించి కనబడ్డారు. అవతలవైపు చివరి మెట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఉన్నా, లడ్డూల డబ్బా పట్టుకుని వెళ్లాను. ఒడిసింది సార్ అన్నాను. లడ్డూ తీసి చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని పట్టుకుని నా మొహంలోకి చూశారు.

"ఎక్కిన్రా?"

అన్నేళ్లూ మూడే ప్రశ్నలు. వాటికి సిద్ధపడి వెళ్లాను. నాలుగోది సిలబస్‌లో లేదు. ఆయన లడ్డూని తీసి మళ్లీ డబ్బాలో పెట్టారు. మూత కూడా తనే పెట్టారు. నవ్వారు కూడా. ఆ వారమే పోయారు.

క్యాంపస్‌లో సంతాపసభ జరిగింది. అందరూ ఆయన నిజాయితీ గురించీ నిరాడంబరత గురించీ మాట్లాడారు. లడ్డూ గురించి అక్కడ ఎవరికీ తెలియదు.

వంతెన తెరిచిన రోజు జనం, మైకులు, దండలు అన్నీ ఉన్నాయి. అవన్నీ వెళ్లిపోయాక మర్నాడు పొద్దున నేనూ మా ఆవిడా ఎక్కాం. నడిమధ్యలో నిలబడి చూస్తే మా బాల్కనీ కనబడింది, పట్టాల వైపు తిప్పిన కేన్ కుర్చీ కనబడింది. అదే సమయానికి సీతాఫల్‌మండిలో లోకల్ రైలు దిగి, హడావుడిగా మెట్లెక్కి వస్తోంది యాదమ్మ. ముగ్గురం కలిసి అవతలికి దిగాం. చివరి మెట్టు మీద ఆవిడ ఆగి, కాలితో నేలని తట్టింది.

"గీడనే సారు నా పొయ్యి" అంది. దాని మీద అడుగు పెట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆవిడే చెయ్యి పట్టుకుని దించింది. వెంట తెచ్చుకున్న డబ్బాలోంచి లడ్డూ తీసి ఆవిడకిచ్చాను. పెద్దసారు ఉంటే బాగుండునంటూ సగం తుంచి మా ఆవిడకి పెట్టింది.

మెట్ల పక్కనే నల్లరాతి శిలాఫలకం ఉంది, కొత్తది, బంగారు అక్షరాలు. నేను చేతులు కట్టుకుని దాని ఎదట నిలబడి, మొదటి పేరు నుంచి కాంట్రాక్టరు దాకా, రాగం తీసి చదివాను. క్లాసులకి పోయే పిల్లలు ఆగి చూశారు. చివర్న కాస్త ఖాళీ ఉంది. జేబులో చాక్‌పీసు ఎప్పుడూ ఉంటుంది నాకు. గుండ్రటి అక్షరాలతో, కొమ్ములూ దీర్ఘాలూ తప్పు లేకుండా, గౌరవ అతిథి అని రాసి, దాని కింద ఆయన పూర్తి పేరు రాశాను. ఇంటిపేరుతో సహా. రాతి మీద పేరున్నవాళ్లని చూసి అన్నేళ్లు నవ్విన మనిషిని ఎట్టకేలకు వాళ్ల వరసలో నిలబెట్టాను. లడ్డూ తినకుండా పోయినందుకు నేను తీర్చుకున్న కసి ఇంతే.

ఆయన పేరు నేనిక్కడ రాయలేదని గమనించే ఉంటారు. తెలుసుకోవాలంటే వంతెన దిగి చదువుకోండి. వానకి చెరుగుతోంది, తుడిచేవాళ్లు తుడుస్తున్నారు. చెరిగినప్పుడల్లా క్లాసుకి పోతూ మళ్లీ దిద్దుతున్నాను. ఆ నిర్వహణ పద్దు నాది.